నింపని సున్నాలు

“రాసుకోండి డాక్టరమ్మా, ఇదంతా మా కోడలి చలవే,” అంది అచ్చమ్మ. “నేల మీద దింపకుండా చంకనేసుకుని తిరిగింది. పిల్లకి దొడ్డికాళ్లు వచ్చాయి.”

కోడలు పుష్పలత నాలుగేళ్ల కూతురి వంకర కాళ్లను చీరచెంగుతో కప్పింది. “రోజూ ఎండలో కూర్చోబెట్టానండి. డి విటమిన్ మందు రెండేళ్లు పోశాను. తిన్నగా కాలేదండి.”

ఎముకల జబ్బుల మీద పరిశోధనకు రేపల్లె వచ్చిన డాక్టరు, కాగితం మీద వంశవృక్షం మొదలుపెట్టి, పిల్లకో సున్నా గీసి, జబ్బు ఉందన్న గుర్తుగా నల్లగా నింపింది.

“ఇది ఎండ చాలక వచ్చింది కాదమ్మా. వంశంలో వచ్చేది. దీనికి ఇంకో మందు కలపాలి. తండ్రి కాళ్లెలా ఉంటాయి?”

“మా జకరయ్యవా? కాళ్ల మధ్య నుంచి కోడిపెట్ట దూరిపోద్దండి,” అచ్చమ్మ నవ్వింది.

డాక్టరు మగవాళ్ల గుర్తుగా అతనికో గడి గీసి, దాన్నీ నింపింది. “మీవీ చూపించండి.”

“ఈ వయసులో నా కాళ్లు చూసి సంబంధం కుదురుస్తారా ఏంటి?” అంటూనే అచ్చమ్మ చీర పిక్కల దాకా ఎత్తింది. అవీ అలాగే వంగి ఉన్నాయి. కాపురానికి వచ్చిన ఆరేళ్లలో పుష్పలత వాటిని చూడటం అదే మొదలు.

“మిమ్మల్నీ చంకనేసుకునే తిరిగారా అత్తయ్యా?” అంది మెల్లగా.

“మా నాయనమ్మ అలాగే అనేది. మా అమ్మని పోయేదాకా సాధించింది.” అచ్చమ్మ డాక్టరు వైపు తిరిగింది. “మా నాన్నవీ ఇలాంటి కాళ్లేనండి.”

డాక్టరు ఆమెకూ ఓ సున్నా గీసి నింపింది. అచ్చమ్మ కాగితం మీదకు వంగింది.

“పైన మా అమ్మకి, కింద మా కోడలికి చెరో సున్నా గీయండి. ఆ రెండూ తెల్లగా వదిలేయండి.”