పొంగిన వీధులు

"బెల్లు పాడైందంటే వినరేం? మార్చండి!" అత్తగారు పొద్దున్నించీ పట్టిన పట్టు విడవడం లేదు.

"మార్చి పట్టుమని నెల కాలేదు. వీధి చివరిదాకా వినిపిస్తోంది," అన్నారు మామగారు.

"అయితే ఆ పార్సిలతను నొక్కకుండానే వెళ్లిపోయాడన్నమాట. రానీ, వాడి పని చెబుతా."

"రాత్రి నేను నొక్కితే బాగానే మోగిందమ్మా," అన్నాడు కొడుకు.

"ఏమిటా గొణుగుడు? ఈ ఇంట్లో నోరు తెరిచి మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు!"

కోడలికి నవ్వొచ్చింది కానీ నవ్వే తీరిక లేదు. ఆమె కళ్లు రెండూ ఫోనులోనే ఉన్నాయి.

ఆమె పనిచేసేది ఒక వార్తల సైట్లో. అంకెల్ని బొమ్మలుగా మార్చడం ఆమె ఉద్యోగం. ఊళ్లోని రొదనంతా కొలిచి, మ్యాపుగా చేసి నిన్ననే పెట్టింది. ఏ వీధి మీద వేలు పెడితే ఆ వీధి చప్పుడు వినిపిస్తుంది.

పాఠకులు వచ్చారు. ఒక వీధి నొక్కారు. వెళ్లిపోయారు.

"వచ్చినవాళ్లు నిలబడకపోతే ఈ బొమ్మల విభాగం ఎత్తేస్తాం. నువ్వు మళ్లీ ఫొటోల కింద రెండు ముక్కలు రాసుకోవడమే," అని ఎడిటరు చెప్పేసింది.

పుండు మీద కారంలా, 'మౌనవ్రతం' అనే మారుపేరుతో ఎవరో కామెంట్లు మొదలుపెట్టారు.

"మా వీధి నొక్కాను. ఏమీ రాలేదు."

"సౌండ్ పెంచండి," అని కోడలు జవాబిచ్చింది.

"పెంచాను. గోడమీద పిల్లి దూకి పారిపోయింది. నాకు మాత్రం ఏమీ రాలేదు."

వేళాకోళం! కోడలికి ఒళ్లు మండింది.

"చెవుల్లో దూది తీసి నొక్కండి," అని రాసిపడేసింది.

భోజనాల దగ్గర ఆ జవాబు చదివి వినిపిస్తే మామగారికి పొలమారింది. భర్త పగలబడి నవ్వాడు. వాళ్లిద్దరి ముఖాలూ చూసి అత్తగారూ నవ్వింది.

మర్నాడు మౌనవ్రతం మళ్లీ వచ్చింది.

"దూది లేదు తల్లీ, చెవులే పనిచెయ్యవు. పాలు పొంగేది చెవితో తెలుసుకుంటావా, కంటితోనా? రొద కూడా అలా కనబడితే నాబోటివాళ్లం చూస్తాం. ఉత్తినే చూపిస్తే చాలదు. మంట తగ్గించే వీలూ ఉండాలి. లేకపోతే పొంగుతుంటే చూస్తూ ఎవరు నిలబడతారు?"

కోడలికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. మరుక్షణం కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"పాలా? వార్తల్లో పాలేంటి మేడం?" అన్నాడు ప్రోగ్రామరు.

"ముందు పొంగించు. తర్వాత అడుగు."

ఒక్కో వీధీ ఒక్కో గిన్నె అయింది. రొద నురగలా ఉబ్బి అంచు దాటుతుంది. కింద వరసగా హారన్లకు, మైకులకు, జనరేటర్లకు మీటలు. ఒక్కోటీ నొక్కి ఆపితే పొంగు దిగుతుంది.

ఇక జనం కదిలితే ఒట్టు! తమ వీధి దించి పక్క వీధివాళ్లకు పంపారు. వాళ్లు పంతానికి తమదీ దించారు.

"మా వీధి పొంగంతా నా మైకేనా!" అని రాశాడొక బట్టల కొట్టాయన. ఆ సాయంత్రమే మైకు దించేసి, ఫొటో కూడా పెట్టాడు.

"విభాగం ఎత్తేసే మాట మర్చిపో. నీకు ఇంకో మనిషిని కూడా ఇస్తున్నా," అంది ఎడిటరు.

'మౌనవ్రతం గారూ, మీ పేరు చెబితే పేజీ మీద వేస్తాం,' అని కోడలు రాసింది. జవాబు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మిఠాయి పంచుతూ ఇంట్లో అదే చెప్పుకుంది.

"ఎవరో గానీ ఎంత పెద్ద మనసో! నిజంగానే వినబడని మనిషిని పట్టుకుని దూది తియ్యమన్నాను. కనబడితే క్షమాపణ చెప్పుకోవాలి."

"ఎవరో రిటైరైన ఇంజినీరు అయ్యుంటాడు," అన్నాడు భర్త.

"ఇంజినీరుకి పాల పొంగు గొడవెందుకురా? హోటలాయన అయ్యుంటాడు," అన్నారు మామగారు.

అత్తగారు అందరి పెదవుల వంకా ఒకసారి చూసింది. కంచం పక్కకు జరిపి, తాపీగా అంది.

"రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా అమ్మాయ్, ఆ క్షమాపణేదో దారిలో చెప్పుకుందువుగానీ. కాస్త గట్టిగా చెప్పు, మౌనవ్రతానికి వినబడదు."