నిలబడే ఉండు

"చిన్నమ్మీ, లే."

యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో ఎంబీఏ మొదటి సంవత్సరం క్లాసు. పాఠం ఇంకా మొదలవనే లేదు. ప్రొఫెసర్ గణపతిరావు చాక్‌పీసు ఎడం చేతిలోకి తీసుకుంటూనే ఆఖరి బెంచీ వైపు చూశాడు.

చిన్నమ్మి లేచింది.

"మార్కెట్ సెగ్మెంటేషన్ అంటే ఏమిటి?"

చెప్పింది. ఎక్కడా తడుముకోకుండా, చోడవరం బెల్లం కొట్ల ఉదాహరణతో సహా చెప్పింది.

"పుస్తకం అప్పజెప్పమన్నానా నిన్ను? బుర్రలో మట్టి పెట్టుకుని ఎంబీఏలెందుకు? పీరియడ్ అయ్యేదాకా నిలబడే ఉండు."

క్లాసంతా తలలు దించుకుంది. ముందు బెంచీలో రోజా అనే అమ్మాయి ఉండబట్టలేక లేచింది.

"కూసోమనండి సార్. పాపం, కాళ్ళు నొప్పులంట."

"నీకూ నిలబడాలనుందా?"

రోజా కూర్చుంది. చిన్నమ్మి గంటసేపూ చేతులు కట్టుకుని నిలబడింది. గణపతిరావుకి ఆ గంట పండగలా గడిచింది. ఉద్యోగంలో చేరాక ఇంత హుషారుగా పాఠం చెప్పిన రోజు లేదు.

మనిషి చెడ్డవాడేం కాదు. మిగతా వాళ్ళకి అడక్కుండానే నోట్సు ఇస్తాడు, తెలిసిన కంపెనీలకి ఫోన్లు చేసి మరీ ఉద్యోగాలు చూస్తాడు. చిన్నమ్మి దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు మండిపోతుంది.

మండదు మరి? ఒకసారి చోడవరంలో, అందరూ చూస్తుండగా, ఈ చిన్నమ్మే అతన్ని పట్టుకుని "మొద్దు వెధవా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతనికి ఏడుపొచ్చేసింది. ఆ నవ్వు ఈనాటికీ అతని చెవుల్లోంచి పోలేదు. మొన్నామధ్య తనకే సన్మానం జరుగుతుంటే, వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తనని చూసే నవ్వారనుకుని శాలువా కప్పుకోకుండానే స్టేజీ దిగిపోయాడు.

అలాంటి మనిషి ఐసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, వెతుక్కుంటూ వచ్చినట్టు తన క్లాసులోకే వచ్చి పడింది. మొదటి రోజు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగిపోయాడు. తలెత్తి చూశాడు. సందేహం లేదు, ఆమే. ఆమె మాత్రం అతన్ని గుర్తుపట్టనే లేదు. "ప్రెజెంట్ సార్" అంది, ఎంతో వినయంగా.

దొరికావే అనుకున్నాడు గణపతిరావు.

ఆ రోజు నుంచి ఒక్క క్లాసులోనూ ఆమెని వదల్లేదు. అసైన్‌మెంటులో ఒక్క కొట్టివేత కనబడితే చాలు, మొత్తం మళ్ళీ పదిసార్లు రాసుకు రమ్మనేవాడు. ఎంబీఏలో ఈ ఇంపోజిషన్ ఏమిటా అని మిగతా వాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. చిన్నమ్మి నోరెత్తకుండా రాసుకొచ్చేది. అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. వంక దొరక్క అతనికి ఇంకా మండేది.

చెరకు సీజనొస్తే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్లు అడ్డం పడి చోడవరం బస్సు ఏనాడూ వేళకి రాదు. చోడవరంలోనే పుట్టి పెరిగిన గణపతిరావుకి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అయినా సరే, ఆమె వగరుస్తూ వరండాలో కనబడగానే తలుపు మూసేసేవాడు. ఆబ్సెంట్. మర్నాడూ ఆబ్సెంటే.

పరీక్షలు దగ్గరపడేసరికి అతను కోరుకున్నదే జరిగింది. చిన్నమ్మికి హాజరు చాల్లేదు. ఇక హాల్ టికెట్ రావాలంటే గణపతిరావు సంతకం ఒక్కటే దారి.

కాగితం పట్టుకుని అతని గదికి వచ్చింది. అతను కూర్చోమనలేదు.

"ఈ ఏడు పోతే మరింక చదవలేను సార్. ఎప్పట్నుంచో ఆశ నాకు. ఇప్పటికే ఇంట్లో అందరూ నవ్వుతన్నారు, నీకెందుకీ చదువని."

నవ్వుతున్నారు అన్న మాట గణపతిరావు చెవికి తియ్యగా తగిలింది.

"పెడతాను సంతకం. ముందు క్షమాపణ చెప్పు."

"నేనేటి తప్పు చేసేను సార్?"

"మొద్దు వెధవా అన్నావు నన్ను. చోడవరంలో. అందరి ముందూ."

చిన్నమ్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"గుర్తు లేదు సార్," అంది దాపరికం లేకుండా. "చానామందిని అన్నాను."

గణపతిరావుకి తల తిరిగిపోయింది. తను ఇన్నాళ్ళూ నిద్ర లేకుండా మోసిన మాట, ఆమెకి గుర్తే లేదు! అన్నందుకు కాదు, మరిచిపోయినందుకు వచ్చింది అతనికి అసలు కోపం. కాగితం ఉండచుట్టి కింద పారేశాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే టేబుల్ మీది చెక్క స్కేలు అందుకుని లేచి నిలబడ్డాడు.

చిన్నమ్మి వెనక్కి జరగలేదు. ఆమె చూపు స్కేలు పట్టుకున్న అతని ఎడం చేతి మీద ఆగింది.

రిటైరయ్యేదాకా చోడవరంలో ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించిన ఆ ముసలి పంతులమ్మ, అరచెయ్యి అతని ముందు చాపి, "ఎడం చేత్తో రాస్తన్నావని ఆవేళ కొట్టేను కదూ, నువ్వూ కొట్టీరా గణపతీ," అంది.