మైకులో నా పేరు

ఉద్యోగం మానేసి, ఇక నాన్న మొహం చూడనని నగానో అడవుల్లోకి వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ చీకటి పడేవేళ కొండ కింద మా ఊరి మైకులు అరిచేవి: "ఇరవై మూడేళ్ల సెగావా తొమోయా కనబడటం లేదు." వెతికి చావండి, అనుకునేవాణ్ణి.

ఈ రాత్రి మైకు వేరే మాట చెప్పింది. "సెగావా తొమోయా క్షేమంగా ఇల్లు చేరాడు. సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత అబద్ధమా! ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

"అమ్మా, నేనే, తొమోయాని."

"సిగ్గులేదట్రా? కొడుకులమని ఫోన్లు చేసి మోసం చేసే ముఠావాళ్లు మీరేగా? మావాడు ఇక్కడ తన నీలం గిన్నెలో అన్నం తింటున్నాడు!"

వెనకాల నాన్న నవ్వుతున్నాడు. ఇరవై మూడేళ్లలో నేనెన్నడూ వినని నవ్వు.

"ఎవడో దిక్కులేని వెధవ. ఫోన్ పెట్టెయ్యమ్మా," అంది అటువైపు నుంచి నా గొంతు.