నాగులమెట్టలో ఓడిందెవరు

వైవా రోజు పొద్దున్నే పైడితల్లి ఫోనులో పాఠం మళ్లీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

"నిన్నంతా సదివినావు కదమ్మా, మళ్లా ఏటి?" అన్నాడు నాన్న సింహాచలం, లారీ అద్దం తుడుస్తూ.

"నిన్న ఓడిపోయినోళ్లు తెల్లారేసరికి గెలిసేసినారు నాన్నా."

ఆమె చదివే ప్రైవేటు యూనివర్సిటీలో చరిత్ర అలాంటిది. మా తాతల ఓటమి చదివితే మనసు నొచ్చుకుంటోందని ఎవరు ఫిర్యాదు పెట్టినా పాఠం దానంతటదే మారిపోతుంది. పాత జవాబు చెబితే ఫెయిలు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి పైడితల్లే. ఈ వైవా గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది.

వైవా గదిలో భానోజీ మాస్టారు కంప్యూటరు తెర చూసి అడిగారు. "నాగులమెట్ట యుద్ధంలో గెలిచిందెవరు?"

"రెండు పక్షాలూ గెలిచాయి మాస్టారూ."

"మరి ఓడిందెవరు?"

అది పాఠంలో లేదు.

"ఫిర్యాదు పెట్టడానికి మనవలు మిగలనోళ్లు మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. అంతలో కొత్త ఫిర్యాదు వచ్చినట్టు తెర ఎర్రగా వెలిగింది. ఆయన గబగబా మార్కులు వేసేశారు.

"పాసయ్యావు తల్లీ. తొందరగా వేలిముద్ర వెయ్యి, యుద్ధం ఉండగానే."

ఆమె వేలు తెరమీంచి తీసిందో లేదో, పాఠం మారిపోయింది. ఆ ఏడాది నాగులమెట్ట దగ్గర జరిగింది తిరునాళ్లట. రెండు రాజ్యాలవాళ్లూ కలిసి చేసుకున్నారట.