అన్న పార

పొద్దున పచ్చిక బయలు యజమానురాలు డెస్మండ్‌ని ఫోన్లో కడిగిపారేసింది. ఎవరో రాత్రిళ్లు గుంతలు తవ్వి పూడ్చకుండా పోతున్నారట, ఆవు కాలు విరిగిందట. అక్కడ పాత నాణేల కోసం మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరిగే అనుమతి అతనికీ, జతగాడు రాడ్నీకీ మాత్రమే ఉంది.

చీకటి పడగానే పార పట్టుకుని అక్కడ కాపు కాశాడు. మనిషి అలికిడి లేదు. టార్చి వేస్తే ఎదురుగా కొత్త గుంత! ఒళ్లు మండి ఫోన్ చేశాడు.

"సిగ్గులేదట్రా రాడ్నీ?"

"నీ మొహం! మా అమ్మాయింట్లో ఉన్నా. పోయి పడుకో."

డెస్మండ్ వంగి చూశాడు. గుంత చుట్టూ పిడికెడు మట్టి కూడా లేదు. లోపలి గోడ నిండా పంటి గాట్లు, ప్రతి గాటులోనూ మధ్య పన్ను లోటు. అవి తన చేతిలో ఉన్న పార గాట్లే. చచ్చిపోయిన అన్న ఎర్నీ బతికినన్నాళ్లూ ఎవరినీ ముట్టనివ్వని పార అది. అన్న పోయాక డెస్మండే దాన్ని కురచగా కోసి, ఆకురాయితో అంచుకు పళ్లు పెట్టుకున్నాడు. మొదటి రోజే మధ్య పన్ను రాయి తగిలి విరిగింది.

"ఎవడ్రా నాతో ఆటలాడేది?" అంటూ కసిగా పారని గుంతలోకి దించాడు. అది తిరిగి రాలేదు. కింద నుంచి ఎవరో లాగుతున్నారు.

"వదులు! అది నాది!" అని అరిచాడు డెస్మండ్.

ఆ మాటకు కింద పట్టు ఇంకా బిగిసింది.