అడ్డొచ్చిన నీడ

ఫొటో అద్దానికి అంటుకుపోయింది.

బస్సు డ్రైవరు ఆ ఫ్రేమును తువ్వాల్లో చుట్టి తెచ్చి, పసిబిడ్డను దించినట్టు స్టూడియో బల్ల మీద దించాడు. లోపల ఓ చంటి పిల్లాడు మెట్ల మీద కూర్చుని, ఎండకు కళ్లు చికిలించి చూస్తున్నాడు. సగం మొహం బూజు తినేసింది.

ఆ పిల్లాడు తనేనని డ్రైవరు కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. ఇంకో కాపీ లేదట. నెగెటివూ లేదట. ఇది పోతే ఇక ఏమీ మిగలదట.

“బూజు మటుకు తీసెయ్యమ్మా. మిగతాదేదీ ముట్టుకోవద్దు,” అన్నాడు.

వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అదే మాట అన్నాడు. స్టూడియోలో పనిచేసే తొందరమ్మ మళ్లీ తలూపింది. తలూపడానికేం భాగ్యం!

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని ఎవరూ పలకరు. స్టూడియో ఆమె బాబాయిది. ఏ ఉద్యోగంలోనూ నిలవని పిల్ల అని వాళ్లమ్మ పిన్ని దగ్గర మొత్తుకుంటుంటే, ఆవిడ మాట కాదనలేక ఆయన కంప్యూటరు ముందు ఓ కుర్చీ వేయించాడు. ఈ కుర్చీ కూడా పోతే ఇంట్లో మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు.

బాబాయి అద్దంతో సహా ఫొటోను స్కాన్ చేశాడు. అద్దం మెరుపు లేకుండా ఇంకోసారి తీద్దామని, డ్రైవరుకు ఫోన్ చేసి అడిగి మరీ, నెమ్మదిగా ఊడదీయబోయాడు. పైపొర కాస్తా ముక్కలై రాలిపోయింది. చేతికి తెల్లటి అట్ట మిగిలింది.

ఇక ఉన్నదల్లా కంప్యూటరులో ఉన్నదే.

బాబాయి ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. ఫొటో తెరవగానే అడుగున ఒక లేయరు, అంటే పొర, ఉంటుంది, దాని పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది. దానికో కాపీ తీసి పైన పెట్టుకోవాలి. చెరపడాలు, దిద్దడాలు అన్నీ ఆ కాపీ మీదే. అది చెడితే అవతల పారేసి ఇంకోటి తీసుకోవచ్చు.

“అడుగునున్నది అసలు. దాని జోలికి వెళ్లకు,” అన్నాడు. ఆ తర్వాత కెమెరా సంచీ భుజాన వేసుకుని బయటి పని మీద వెళ్లిపోయాడు.

బూజు బాగానే వదిలింది. ఎంతైనా పిల్ల చేతిలో పనితనం ఉంది, లేనిదల్లా ఓపికే. మొహం తేటగా బయటపడేసరికి ఆమెకు హుషారు వచ్చింది. అప్పుడు కళ్లు కిందికి దిగాయి.

పిల్లాడి పాదాల దగ్గరి నుంచి ఫొటో కింది అంచు దాకా నేల మీద పొడుగాటి నీడ. ఒక తల, పైకెత్తిన రెండు మోచేతులు. ఫొటో తీసినవాడిదే.

ఎండను వీపుకు పెట్టుకుని తీస్తే నీడ పడక ఏమవుతుంది? ఎవడో గానీ కెమెరా పట్టుకోవడం కూడా రాని మొద్దు, అని తిట్టుకుంది. ముట్టుకోవద్దన్నాడు, నిజమే. కానీ పాపం, ఇది తీసెయ్యొచ్చని ఆ డ్రైవరుకేం తెలుసు? చూస్తే మురిసిపోడూ?

కాపీ తీస్తే ఆ పాత కంప్యూటరు ఈడిగిలపడుతోందని, బూజు పని కూడా ఆమె అసలు లేయరు మీదే కానిచ్చింది. నీడను చెరిపితే మాత్రం అక్కడ తెల్లటి మచ్చ పడింది. తాళం మహిమ; అది ఉన్నంతసేపూ చెరిపిన చోటల్లా తెలుపే పడుతుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే తాళం ఊడిపోతుందని ఎక్కడో చూసింది. నొక్కింది, ఊడింది. నీడను శుభ్రంగా చెరిపేసి, పక్కనున్న మట్టినే తెచ్చి కింద పరిచింది. లేయర్లన్నీ కలిపేసి, అదే పేరు మీద సేవ్ చేసి మూసేసింది.

తన పనికి తనే ముచ్చటపడింది కూడా.

డ్రైవరు వచ్చేసరికి బాబాయి ఉన్నాడు. ప్రింటు చేతికిచ్చింది. మొహం చూసి డ్రైవరు నవ్వాడు, కడిగినట్టుందన్నాడు. తర్వాత వేలు నెమ్మదిగా మెట్ల మీంచి నేల మీదికి జారి ఆగిపోయింది.

“ఇక్కడ మనిషుండాలి కదమ్మా?”

“ఫొటో తీసినవాడి నీడండీ. అడ్డంగా ఉందని తీసేశాను.”

బాబాయి చేతిలో టీ గ్లాసు బల్ల మీదికి దిగింది. కాపీ మీద చేశావా, అసలు మీదా అని మాత్రం అడిగాడు.

ఆమె గబగబా ఫైలు తెరిచింది. ఒకటే లేయరు. వెనక్కి పోదామంటే దారి లేదు. ఏం పోయిందో ఇంకా తెలియదు గానీ, ఏదో పోయిందని తెలిసింది.

“నీడే కదండీ… మళ్లీ పెట్టేస్తాను,” అంది.

“ఎవరి నీడ పెడతావమ్మా?”

డ్రైవరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఫొటోలో ఖాళీగా ఉన్న ఆ మట్టిని బొటనవేలితో నిమిరాడు.

“నాకు ఊహ తెలియకముందే పోయింది మా అమ్మ; ఇంట్లో కెమెరా ఎప్పుడూ తన చేతిలోనే ఉండేదట, అందుకే ఆ నీడలో తప్ప ఆమె ఏ ఫొటోలోనూ లేదమ్మా,” అన్నాడు.