అవ్వకిచ్చిన ఒట్టు

మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, గేటు దగ్గర అప్పగించిన ఫోన్ తీసుకునేసరికి జలంధర్‌కు భార్య గౌరవ్వ నుంచి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వెంటనే తిరిగి ఫోన్ చేశాడు.

"అత్త పోయిందయ్యా," అంది గౌరవ్వ. "పొద్దుగాల ఆరింటికి."

"అవ్వను పండవెట్టిండ్రా?" అని అరిచాడు జలంధర్. ఏడుపుకంటే ముందు ఆ మాటే వచ్చింది.

అవ్వ, అంటే అతని తల్లి, తత్వాలు కట్టి పాడే బక్కన్న తాత దగ్గర ఉపదేశం తీసుకుంది. పడుకోబెట్టి కాలిస్తే మళ్లీ పుట్టాలని, కూర్చోబెట్టి మట్టి చేస్తే పుట్టుక తీరుతుందని ఆయన పాడేవాడు. కులపెద్దలు ఒప్పుకోరని ఆమె ఆ సంగతి దాచింది. కొడుకు ఖతర్ విమానం ఎక్కే ముందు అతనికి చెప్పి, తనను కూర్చోబెట్టాలని ఒట్టు వేయించుకుంది.

"పన్నెండు గంటలాయె. కట్టెలెక్క బిగుసుకపోయుంటది. ఇగ కాళ్లు మడుసుడు కాదు. నేనేం జేతునే!"

"జర ఆగు. పానం పోంగనే గోడకు ఆనిచ్చి కూసోవెట్టిన. కాళ్లు నేనే మడిసిన. పెద్దమనుషులు లొల్లి జేసిండ్రు, నేనినలే. రెండింటికి మట్టి జేసినం."

"నీకెవలు జెప్పిండ్రు?"

"అత్తనే. నువ్వు ఖతర్ పోయిన తెల్లారి. 'గా దినం వాడు డ్యూటీల ఉంటడు బిడ్డా, నువ్వే చూస్కో' అన్నది."

క్యాంప్ బస్సు డ్రైవర్ "యల్లా, యల్లా" అని పిలుస్తున్నాడు. జలంధర్ కదల్లేదు.

"మరి నాతోని ఒట్టెందుకు వెట్టించుకున్నదే?"



"కొడుకువు గదయ్యా. నిన్నడుగకుంటే చిన్నవోతవని."